స్ట్రిప్పు లైట్లతో బిల్లు తగ్గాలంటే ముందు టేపు పట్టి కొలవాలి

సంపాదకులకు నమస్కారం.

పాత ట్యూబ్‌లైట్లు పీకేసి, ఫాల్స్ సీలింగ్ చుట్టూ ఎల్‌ఈడీ స్ట్రిప్పు వేయించుకుంటే కరెంటు బిల్లు తగ్గుతుందని గృహాలంకరణ పేజీల్లో తరచూ రాస్తున్నారు. షాపుల వాళ్లూ అదే చెబుతున్నారు. ఎల్‌ఈడీ అయినంత మాత్రాన కరెంటు తక్కువ తాగుతుందని కాదు. మీటరు స్ట్రిప్పుకు ఎన్ని వాట్లు, మొత్తం ఎన్ని మీటర్లు వేస్తున్నాం అన్నదే లెక్క. ఆ లెక్క వేయకుండా పని మొదలుపెట్టిన ఇళ్లలో బిల్లు పెరిగి, తప్పు కరెంటు మీటరుదేనని అనుకుంటున్నారు. ఇళ్ల వైరింగ్ చేసేవాళ్లుగా ఈ లెక్కా, పనిలో జరిగే పొరపాట్లూ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం.

12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న మామూలు హాలు తీసుకోండి. చుట్టుకొలత 52 అడుగులు, అంటే దాదాపు 16 మీటర్లు. షాపులో ఎక్కువగా చేతికిచ్చే స్ట్రిప్పు మీటరుకు 120 చిప్పులది (చిప్పు అంటే స్ట్రిప్పు మీది ఒక్కో చిన్న దీపం), అది మీటరుకు 9.6 వాట్లు తీసుకుంటుంది. 16 మీటర్లకు 154 వాట్లు. ఇంటి కరెంటును స్ట్రిప్పుకు సరిపడే తక్కువ వోల్టుల డీసీగా మార్చే డబ్బాను డ్రైవరు అంటారు. అందులో వేడిగా పోయేది కలిపితే ఇంటి లైను నుంచి లాగేది 180 వాట్ల పైమాటే. అదే హాల్లో ఇదివరకు ఉన్నవి రెండు ట్యూబ్‌లైట్లు: ట్యూబుకు 36, రాగి చోక్ తినేది మరో 14, వెరసి ఒక్కోదానికి 50, రెండింటికీ 100 వాట్లు. రోజుకు ఆరు గంటల చొప్పున నెలకు పాత ట్యూబులకు 18 యూనిట్లయితే, కొత్త స్ట్రిప్పుకు 32 దాటుతుంది. వాటి స్థానంలో రెండు 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్లు (ఫిట్టింగ్‌తో కలిసే వచ్చే ఎల్‌ఈడీ లైట్లు) పెట్టి ఊరుకుంటే 7 యూనిట్ల చిల్లరతో సరిపోయేది. వెలుగు ట్యూబుల కంటే కాస్త తగ్గినా, బ్యాటెన్ కాంతంతా కిందికే పడుతుంది కాబట్టి గదిలో తేడా తెలియదు. పాత ట్యూబు కాంతిలో సగం ఫిట్టింగ్ వైపూ కప్పు వైపూ పోయేది.

తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు జీరో బిల్లు వస్తోంది. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. 190 దగ్గర ఆగే ఇంటికి ఈ అదనపు 14 యూనిట్లు ఎంత బరువో వేరే చెప్పక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ శ్లాబు మారితే యూనిట్ ధర మారుతుంది.

అందుకని పొదుపే ఉద్దేశమైతే మొదటి పని స్ట్రిప్పు కాదు, ఉన్న ట్యూబులు మార్చడం. ఇందులో రెండు దారులున్నాయి. పాత ఫిట్టింగ్ ఉంచి అందులో ఎల్‌ఈడీ ట్యూబు దూర్చడం ఒకటి, ఫిట్టింగ్ మొత్తం పీకి బ్యాటెన్ బిగించడం రెండోది. మా ఓటు రెండోదానికే. ఎందుకంటే ఎల్‌ఈడీ ట్యూబుల్లో రెండు రకాల కనెక్షన్ ఉంది. కొన్నింటికి ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే చివరనున్న రెండు పిన్నులకు ఇవ్వాలి, ఇంకొన్నింటికి ఒక్కో చివర ఒక్కోటి ఇవ్వాలి. మొదటి రకంలో చాలావాటికి రెండో చివరి పిన్నులు లోపలే కలిపేసి ఉంటాయి. ట్యూబును తిప్పి పెడితే ఆ చివరకు ఫేజు, న్యూట్రల్ రెండూ తగిలి నేరుగా షార్ట్ అవుతుంది. ఎంసీబీ (షార్ట్ అయితే దానంతటదే ఆగే మెయిన్ బోర్డు స్విచ్) పడితే అదృష్టం, పాత ఫ్యూజు కట్టలో లావు తీగ చుట్టి ఉంటే హోల్డరు కాలుతుంది. ఫిట్టింగ్ ఉంచాలనే పట్టుదల ఉంటే స్టార్టర్ తీసేసి, ట్యూబు మీద అచ్చేసిన బొమ్మ ప్రకారం చోక్‌ను తప్పించి వైరు ఇవ్వాలి. చోక్ ఉంచేస్తే ఆ ట్యూబు వెలిగినా చోక్ తన వాటా తాను తింటూనే ఉంటుంది.

బ్యాటెన్ పెట్టాక చాలా పాత ఇళ్లలో ఒక ఫిర్యాదు వస్తుంది. స్విచ్ ఆపినా లైటు మినుకుమినుకుమంటూనో, రాత్రంతా సన్నగానో వెలుగుతుందని. బ్యాటెన్‌లో లోపం అనుకుని మార్పించేస్తారు, కొత్తదీ అలాగే వెలుగుతుంది. కారణం వైరింగ్‌లో ఉంది. ఆ ఇంట్లో స్విచ్ ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద పడి ఉంటుంది. ట్యూబ్‌లైటుకు ఆ కొద్ది కరెంటు చాలదు గనక ఇన్నాళ్లూ బయటపడలేదు. స్విచ్ ఆపి లైటు దగ్గర వైరుకు టెస్టర్ పెట్టి చూడండి, గట్టిగా వెలిగితే ఫేజు నేరుగా అక్కడికి వచ్చేస్తోందని అర్థం. స్విచ్ బోర్డులో ఫేజును స్విచ్ గుండా పంపాలి. ఇది వెలుగు గురించిన పట్టింపు మాత్రమే కాదు. స్విచ్ ఆపాను కదా అని హోల్డరులో చెయ్యి పెట్టినవాడికి షాక్ కొట్టేది ఇలాంటి ఇళ్లలోనే. స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ ఉన్నా ఇలాగే సన్నగా వెలుగుతుంది, దాన్ని తీసేస్తే సరి.

ఇక స్ట్రిప్పు నిజంగా కరెంటు మిగిల్చే చోటు వంటగది. వంటగట్టు ముందు నిలబడితే వెనక గోడ మీది ట్యూబు మన నీడనే కూరగాయల మీద వేస్తుంది. అందుకే ఇంకో ట్యూబు పెట్టిస్తారు. గట్టు పైనున్న కప్‌బోర్డుల అడుగున 2 మీటర్ల స్ట్రిప్పు వేస్తే 19 వాట్లతో వెలుగు కత్తిపీట మీదే పడుతుంది, ట్యూబు వెలిగించే అవసరమే రాదు. దానికి కావలసినవి: 24 వోల్టుల, మీటరుకు 120 చిప్పుల స్ట్రిప్పు 2 మీటర్లు, తెల్లటి పాలరంగు మూతతో మూలకు బిగించే 45 డిగ్రీల అల్యూమినియం ప్రొఫైల్ (స్ట్రిప్పు అంటించే పొడవాటి గాడి) 2 మీటర్లు, 30 వాట్ల డ్రైవరు ఒకటి, ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు ఎరుపూ నలుపూ కావలసినంత, అతుకుల మీద తొడిగి వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవు. డ్రైవరు సైజు ఎలా అంటే, 19.2 వాట్లను 1.25తో హెచ్చిస్తే 24, అంటే 24 కంటే పైనున్న సైజు తీసుకోవాలి. సరిగ్గా 20 వాట్లది పెడితే ఎప్పుడూ నిండు లోడు మీదే నడిచి, వేడెక్కి, లోపలి కెపాసిటర్లు ఎండిపోయి ముందుగానే పోతుంది.

ప్రొఫైల్‌ను కప్‌బోర్డు ముందు అంచు వైపు, చిప్పులు గోడను చూసేలా బిగించాలి. వెనక గోడకు ఆనించి పెడితే నునుపైన నల్ల గ్రానైట్‌లో చిప్పులన్నీ చుక్కలు చుక్కలుగా ప్రతిఫలించి కళ్లకు కొడుతుంది. మూత లేకుండా వదిలితే ఆవిరి, పోపు నూనె చిప్పుల మీద జిగురు కడుతుంది. పొయ్యికి నేరుగా పైన స్ట్రిప్పు వద్దు. అక్కడ తుంచి, వైరుతో దాటించి, అవతలి పక్క మళ్లీ మొదలుపెట్టాలి.

తుంచడానికి కత్తెర గుర్తు ఉన్నచోటే తుంచాలి. 24 వోల్టుల స్ట్రిప్పులో ఆరేసి చిప్పులు, వాటికో రెసిస్టర్ కలిసి ఒక వలయం. 12 వోల్టులదైతే మూడేసి. 120 చిప్పుల 24 వోల్టుల స్ట్రిప్పులో ప్రతి 5 సెంటీమీటర్లకూ ఒక గుర్తు వస్తుంది. కప్‌బోర్డు 193 సెంటీమీటర్లుంటే 190 దగ్గర ఆపేయాలి, ఆ మూడు సెంటీమీటర్ల కోసం మధ్యలో కోస్తే చివరి ఆరు చిప్పులూ పోతాయి. అంటించే ముందు ప్రొఫైల్‌ను స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. చిప్పుల మీద వేలు పెట్టి నొక్కకూడదు, వాటి మధ్య ఖాళీల్లో నొక్కాలి. వైరు కలపడానికి నొక్కుడు క్లిప్పులు దొరుకుతాయి, పని త్వరగా అవుతుంది, కానీ వంటగది వేడికీ తేమకూ వాటి పళ్లు నల్లబడి కొన్ని నెలలకే మినుకుమంటుంది. టంకం వేయడమే మేలు. ముందు స్ట్రిప్పు రాగి బిళ్లల మీద, వైరు కొసల మీద విడివిడిగా కొద్దిగా టంకం పూసుకుని, తర్వాత 25 వాట్ల టంకం ఐరన్‌తో రెండు మూడు సెకన్లలో కలిపేయాలి. ఎక్కువసేపు ఆనిస్తే బిళ్ల ఊడి వచ్చేస్తుంది. ప్లస్‌కు ఎరుపు, మైనస్‌కు నలుపు. తారుమారైతే స్ట్రిప్పు వెలగదు, అంతే, మార్చి కలిపితే వెలుగుతుంది. వైరు బరువు అతుకు మీద పడకుండా అక్కడే ఒక క్లిప్పుతో చెక్కకు పట్టించాలి. ఇదంతా అయ్యాక వెలిగించి చూసుకునే మూత వేయాలి. ఇంకో మాట, కొన్న రోలును విప్పకుండా చుట్టగానే ఎక్కువసేపు వెలిగించి పరీక్షించకండి. వేడి పోయే దారిలేక లోపలి చుట్లు మాడతాయి.

హాలు చుట్టూ అందం కోసం వేయించుకోవాలనుకుంటే తప్పు లేదు, కానీ దానికి పొదుపు అని పేరు పెట్టకండి. మీటరుకు 60 చిప్పుల, 4.8 వాట్ల రకం తీసుకున్నా 16 మీటర్లకు 77 వాట్లు, డ్రైవరుతో కలిపి 90. పాత రెండు ట్యూబులతో దాదాపు సమానం. దానికి తోడు ఫాల్స్ సీలింగ్‌లో గుండ్రటి డౌన్‌లైట్లు ఎలాగూ ఉంటాయి. స్ట్రిప్పుకు వేరే స్విచ్ పెట్టించుకుని, చుట్టాలు వచ్చినప్పుడో పండగకో వేసుకుంటే బిల్లు మీద పెద్దగా పడదు. ఇన్వర్టర్ లైనుకు మాత్రం కలపవద్దు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద నడవాల్సింది బ్యాటెన్లు.

ఇంత పొడవైన స్ట్రిప్పులో ఎక్కువగా జరిగే తప్పు, ఒక మూల నుంచి మొదలుపెట్టి 16 మీటర్లూ ఒకదానికొకటి కలుపుకుంటూ పోవడం. స్ట్రిప్పులోని రాగి పొర చాలా పలుచన. మొత్తం కరెంటు మొదటి మీటరు గుండానే పోవాలి గనక వోల్టేజీ దారిలోనే పడిపోయి, మొదట్లో ధగధగ, చివర్లో మసకగా ఉంటుంది. పోనీ చివర వెలుగు పెంచుదామని డ్రైవరు పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి వోల్టేజీ పెంచేవాళ్లున్నారు. అప్పుడు దగ్గరి చిప్పులకు మోతాదు మించి, పసుపుబారి ముందు అవే పోతాయి. సరైన పద్ధతి నాలుగేసి మీటర్ల ముక్కలు నాలుగు చేసి, డ్రైవరు నుంచి ఒక్కో ముక్కకు విడిగా వైరు లాగడం. 12 వోల్టులది అయితే ఒక కొస నుంచి 5 మీటర్లు దాటించకూడదు. 24 వోల్టులు ఎంచుకోమనేది కూడా ఇందుకే, అవే వాట్లకు కరెంటు సగమే, కాబట్టి వైరులో పడే వోల్టేజీ కూడా సగమే. 48 వాట్ల స్ట్రిప్పుకు 5 మీటర్ల దూరం నుంచి ఒక చదరపు మిల్లీమీటరు వైరు లాగితే 12 వోల్టుల మీద దాదాపు 0.7 వోల్టు పోతుంది, అంటే నూటికి ఆరు వంతులు. 24 మీద 0.36 వోల్టు, నూటికి ఒకటిన్నర. స్పీకర్ వైరు లాంటి సన్న వైరు వాడితే ఇది ఇంకా ఎక్కువ, పైగా వైరే వేడెక్కుతుంది.

డ్రైవరు పెట్టే చోటు గురించి ఎవరూ అడగరు. పని ముగించే తొందరలో జిప్సం బోర్డు పైన పడేసి బోర్డు మూసేస్తారు. అది చెడిన రోజు సీలింగ్ కోయాలి. చిల్లుల రేకు డబ్బా డ్రైవరు అయితే ఇంకో ప్రమాదం, దాని టెర్మినళ్లు తెరిచే ఉంటాయి. మన ఇళ్లలో సీలింగ్ పైన బల్లులకు కొదవ లేదు. ఫేజు, న్యూట్రల్ మధ్య బల్లి పడి షార్టయిన డ్రైవర్లు మాకు కొత్త కాదు. పూర్తిగా మూసి ఉన్న, నీళ్లు పోసినా లోపలికి పోని రకం కొంచెం ఖరీదెక్కువ, అదే పెట్టించండి. చేయి అందేలా అటక మీదో, తలుపున్న అలమర పైనో ఉండాలి, చుట్టూ గాలి ఆడాలి. పై అంతస్తు ఇళ్లలో ఏప్రిల్, మే నెలల్లో స్లాబుకూ సీలింగ్‌కూ మధ్య పొయ్యిలా ఉంటుంది. డబ్బా మీద రాసిన వాట్లు ఆ వేడిలో వర్తించవు. రేకు డబ్బాకు ఎర్తు టెర్మినల్ ఉంటే ఎర్తు వైరు తప్పనిసరిగా కలపాలి, ఊరికే వదిలేసిన ఎర్తు స్క్రూలు మేము చూసినన్ని ఇంకేవీ చూడలేదు.

అల్యూమినియం ప్రొఫైల్ అనవసర ఖర్చని చాలామంది మానేస్తారు. 4.8 వాట్ల రకానికి అది లేకపోయినా నడుస్తుంది. 9.6 దగ్గర నుంచి మాత్రం ఉండాలి. చిప్పు వేడి వెనక్కి పోవాలి, జిప్సం బోర్డు ఆ వేడిని తీసుకోదు. పైగా పీఓపీ పొడి మీద వెనక జిగురు నిలవదు, తొలి వేసవికే స్ట్రిప్పు తోరణంలా వేలాడుతుంది.

తర్వాత వచ్చే రోగాలను ఇంట్లోవాళ్లే కొంతవరకు పోల్చుకోవచ్చు. వరసగా మూడు గానీ ఆరు గానీ చిప్పులు మాత్రమే ఆరిపోతే ఆ వలయంలో ఒక చిప్పో రెసిస్టరో పోయినట్టు, ఆ ముక్క కోసి కొత్తది అతికితే చాలు, రోలు మొత్తం మార్చనక్కర్లేదు. ఒకచోటి నుంచి అవతలంతా ఆరితే అక్కడి అతుకు వదిలింది. మొత్తం స్ట్రిప్పు క్రమం తప్పకుండా ఆరుతూ వెలుగుతూ ఉంటే డ్రైవరు మీద లోడు ఎక్కువైందనో, ఎక్కడో ప్లస్ మైనస్ తగులుకుంటున్నాయనో అర్థం. వెలుగు తగ్గించుకోవడానికి ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటి డిమ్మర్‌ను డ్రైవరుకు ముందు పెడితే మామూలు డ్రైవరు గుయ్‌మంటుంది, కొన్నాళ్లకు పోతుంది. డిమ్మర్ డ్రైవరుకూ స్ట్రిప్పుకూ మధ్య, డీసీ వైపు పెట్టాలి.

డ్రైవరే అక్కర్లేదు, నేరుగా ప్లగ్గులో పెట్టుకోవచ్చు అని 50 మీటర్ల చుట్టలుగా అమ్మే 230 వోల్టుల స్ట్రిప్పు గురించి గట్టిగా చెప్పాలి. బయట గోడకో, పండగ పందిరికో ఎత్తులో కడితే సరే. పూజ గదిలో, మంచం తల వైపు, మెట్ల పక్కన వద్దు. ప్లాస్టిక్ తొడుగు ఒక్కచోట చిట్లినా లోపల ఉన్నది ఇంటి కరెంటే. అభిషేకం నీళ్లు, తడి చేతులు, పిల్లల వేళ్లు అన్నీ తిరిగే చోటది. చివరి మూత ఊడిపోయినవి, అసలు పెట్టనివి చాలా ఇళ్లలో కనిపిస్తాయి. పైగా అది సెకనుకు వంద సార్లు ఆరి వెలుగుతుంది. మొబైల్ కెమెరాలో చూస్తే నల్లటి చారలు కదులుతూ కనిపిస్తాయి. చదువుకునే చోట తలనొప్పికి అది చాలు.

కొనేటప్పుడు షాపులో అడగాల్సినవి నాలుగే: ఎన్ని వోల్టులు, మీటరుకు ఎన్ని వాట్లు, వెలుగు రంగు ఎన్ని కెల్విన్లు (అంకె తగ్గితే పసుపు, పెరిగితే నీలి తెలుపు), కాంతిలో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్‌ఐ ఎంత. హాలుకూ పడకగదికీ 3000 కెల్విన్ పసుపు ఛాయ, వంటగదికి 4000, సీఆర్‌ఐ 90 ఉన్నది దొరికితే మరీ మంచిది. 6500 కెల్విన్ నీలి తెలుపు కింద వంకాయ తాజాదో వాడిందో కూడా పోల్చుకోవడం కష్టం. కావలసిన రోళ్లన్నీ ఒకేసారి, ఒకే బ్యాచ్‌వి తీసుకోండి, తర్వాత తెచ్చిన రోలు ఛాయ కలవదు. డ్రైవరు మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూడండి. మీటరుకు ఎన్ని వాట్లో చెప్పలేని షాపులో కొనకండి.

పీకేసిన పాత ట్యూబులు, సీఎఫ్ఎల్ బల్బులు ఏం చేయాలన్నది ఎవరూ రాయరు. చోక్‌లో రాగి ఉంటుంది గనక పాత సామాన్ల వాళ్లు తీసుకుపోతారు, ట్యూబులు మాత్రం రోడ్డు పక్కన పగులుతాయి. వాటి లోపల పాదరసం ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న 2022 ఈ-వేస్ట్ నిబంధనల కిందికి ఇవి కూడా వస్తాయి. పగలగొట్టకుండా, కొత్త బ్యాటెన్ వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి, చెత్త బండిలో మామూలు చెత్తతో కలపకుండా ప్రమాదకర చెత్త కింద విడిగా ఇవ్వాలి. ఇంట్లోనే ఒకటి పగిలితే ఫ్యాన్ ఆపి, కిటికీలు తెరిచి, పిల్లల్ని పక్కకు పంపి పది నిమిషాలు ఆగండి. చీపురుతో ఊడిస్తే పొడి లేస్తుంది. గట్టి అట్టముక్కతో ఎత్తి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కూడా ముక్కలతో పాటే కవరులో మూట కట్టేయండి.

ఇట్లు,
ఇళ్ల వైరింగ్ పనిచేసే కొందరు ఎలక్ట్రీషియన్లు,
ఖమ్మం